గ్రీకు అక్షరాలున్న పాత నాణెం చేతికి వచ్చినప్పుడు దానిని పరిశీలించే విధానం

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగు ఇళ్లలో తాతల నాటి రాగి బిళ్ళలు దేవుడి గూటిలోనో, బోషాణం అడుగునో కనిపించడం కొత్త సంగతి కాదు. వాటిలో చాలావరకు కంపెనీ వారి కాలపు పైసలో, నైజాము డబ్బులో అయి ఉంటాయి. అయితే నాణేల ప్రదర్శనలలోను, ఫోన్లకు వచ్చే అమ్మకపు ప్రకటనలలోను ఇప్పుడు మరొక రకం నాణేలు మన ముందుకు వస్తున్నాయి. తలకు కిరీటానికి బదులు పట్టీ కట్టుకున్న రాజు, చుట్టూ గ్రీకు అక్షరాలు, వెనుక పిడుగు విసురుతున్న దేవతో, విల్లు పట్టుకుని కూర్చున్న మనిషో ఉన్న ఈ నాణేలను మెనాండర్‌వనీ, యూక్రటైడిస్‌వనీ, పార్థియావనీ, కనిష్కునివనీ చెప్పి అమ్ముతుంటారు. అటువంటి నాణెం చేతికి వచ్చినప్పుడు ఏ వరుసలో ఏమేమి చూడాలో, ముప్పై ఏళ్లుగా ఈ పని మీద కూర్చున్నవాడిగా, నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

నాణెం చూపించడానికి వచ్చే ప్రతివారూ మొదట అడిగే మాట ఒకటే: "ఇది ఎంత చేస్తుంది మాస్టారూ?" ఆ ప్రశ్న తప్పు కాదు గాని, దాని స్థానం చివర. అది ఎక్కడ దొరికింది, ఎంత బరువుంది, ఏ లోహంతో చేసింది, దాని మీద ఏ లిపి ఉంది, ఎవరి పేరుంది అన్న ప్రశ్నలకు జవాబు రాకముందు అరుదైనదా కాదా అని తేల్చబోయేవారు మోసపోతారు. నేనూ ఒకసారి అలాగే మోసపోయాను. ఆ సంగతి తరువాత చెబుతాను.

ముందుగా, ఏ నాణేల గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ చనిపోయిన తరువాత అతని రాజ్యపు తూర్పు భాగం సెల్యూకస్ వంశం చేతిలోకి పోయింది. క్రీ.పూ. 250 ప్రాంతంలో బాక్ట్రియాలో, అంటే ఇప్పటి ఉత్తర ఆఫ్ఘనిస్తాన్‌లో, డయోడోటస్ విడిపోయి తన నాణేలు తాను ముద్రించుకున్నాడు. అతని తరువాతి యూథిడెమస్, డెమెట్రియస్, యూక్రటైడిస్, హిందూకుష్‌కు ఇవతల ఏలిన ఇండో-గ్రీకు రాజులు అపొల్లొడోటస్, బౌద్ధులకు మిళిందుడుగా తెలిసిన మెనాండర్, ఇరాన్‌లో అర్సాక్ వంశపు పార్థియన్లు, నల్లసముద్రపు ఒడ్డున పోంటస్ రాజు ఆరవ మిత్రిడేట్స్, ఆర్మీనియా టైగ్రేనిస్, అరేబియా అంచున నబాతియా రాజులు, రోముకు ఎదురు తిరిగిన సిరియాలోని పాల్మైరా రాణి జెనోబియా, చివరకు మన కుషాణులు, పశ్చిమ భారతాన్ని ఏలిన శక రాజులైన పశ్చిమ క్షత్రపులు – వీరందరి నాణేలూ ఒకే కుటుంబపు కొమ్మలు. చాలావరకు గ్రీకు లిపి వీటిని కలిపే దారం.

వీటిలో మన గంజాం నేలలో ఏవి దొరుకుతాయన్నది వేరే ప్రశ్న. బాక్ట్రియా గ్రీకుల వెండి నాణేలు ఇక్కడి పొలాలలో దొరికాయని ఎవరైనా చెబితే ఆ మాటనే ముందు అనుమానించాలి. ఇక్కడ నిజంగా దొరికేవి విద్ధాంక నాణేలు, అంటే లోహపు ముక్క మీద గుర్తులు గుద్దిన పాతకాలపు నాణేలు, వాటి తరువాత పూరీ-కుషాణ నాణేలని పేరు పడిన రాగి బిళ్ళలు. అశోకుని శాసనం ఉన్న జౌగడ కొండకు దగ్గరలోని పురుషోత్తమపూర్ వద్ద 1858లో ఇవి మొదట వెలుగులోకి వచ్చాయి. ఆ తరువాత 1893లో చిలికా సముద్రంలో కలిసేచోట, మాణికపాట్న దగ్గరి గురుబాయిలో ఐదువందలకు పైగా ఒకేచోట దొరికాయి. కనిష్కుని రాగి నాణెం మీది పొడవు అంగీ తొడుక్కుని నిలబడిన రాజును, బొరుసు వైపు దేవతను చూసి చూసి గీసిన నకలు బొమ్మలు వీటి మీద ఉంటాయి. బొమ్మ ఎంతగా అరిగి మారిపోయిందంటే, మూలం తెలియనివారికి అది చేతులు చాపిన చిన్నపిల్లవాడి గీతలాగా కనిపిస్తుంది. అక్షరాలు సాధారణంగా ఉండవు. కొన్నిటి మీద మాత్రం "టంక" అన్న మాట ఉంటుంది. అందం లేని ఈ బిళ్ళలే నా దృష్టిలో మన జిల్లాకు అసలైన ధనం. వాయవ్యంలో కుషాణుల టంకశాలలో పుట్టిన రూపం కళింగ తీరం దాకా ఎలా నడిచి వచ్చిందో చెప్పగల సాక్ష్యం అవి తప్ప మనకు పెద్దగా లేవు.

తోమకండి

నాణెం చేతికి రాగానే మన ఇళ్లలో చేసే మొదటి పని చింతపండు, బూడిద తెచ్చి తోమడం. దేవుడి రాగి చెంబుకు అది మంచిదే కాని నాణేనికి మరణశాసనం. రాగి నాణెం మీద శతాబ్దాలుగా ఏర్పడిన పచ్చని లేదా గోధుమ రంగు పొర కిలుము కాదు. అది లోహాన్ని కాపాడే తొడుగు, నాణెం పాతదనానికి రుజువు కూడా. చింతపులుసులోని ఆమ్లం ఆ పొరను కరిగిస్తుంది, దానితో పాటు పైకి లేచిన అక్షరాల అంచులనూ తినేస్తుంది. ఋషికుల్య ఒడ్డు పొలంలో దొరికిన ఒక గుప్పెడు రాగి బిళ్ళలను ఒక రైతు నా దగ్గరకు తెచ్చేసరికే అవి కొత్త పైసల్లా మెరుస్తున్నాయి, వాటి మీద ఒక్క గీతా మిగలలేదు. పొడిపొడిగా రాలే లేత పచ్చ మచ్చలుంటే మాత్రం అది వేరు, అది క్లోరైడు వల్ల వచ్చే తెగులు. ఆ నాణేన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, తడి తగలకుండా ఉంచి, తెలిసినవారికి చూపించాలి. మట్టి అంటుకుని ఉంటే స్వేదనజలంలో నానబెట్టి మెత్తని కుంచెతో తీయడం వరకే మన పని. వెండి నాణేనికి ఆ మాత్రం కూడా అవసరం ఉండదు. పట్టుకునేటప్పుడు ఎప్పుడూ అంచులే పట్టుకోవాలి, కింద మెత్తని గుడ్డ పరుచుకోవాలి.

బరువు, నీటి పరీక్ష

గ్రాములో నూరవ వంతు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. కంసాలి దుకాణంలో అడిగితే తూచి ఇస్తారు. నాణెం బరువు రాజు ఎంచుకున్న తూకపు ప్రమాణాన్ని బట్టి ఉంటుంది కనుక అది లేఖనం చదవకముందే సగం కథ చెబుతుంది. బాక్ట్రియాలో ఏథెన్స్ తూకం నడిచేది. డ్రాక్మ్ అంటే గ్రీకుల వెండి నాణెం. అక్కడి టెట్రాడ్రాక్మ్, అంటే నాలుగు డ్రాక్మ్‌ల నాణెం, 17 గ్రాములకు కొంచెం తక్కువగా తూగుతుంది. అదే రాజులు హిందూకుష్ దాటి ఇవతలి ప్రజల కోసం రెండు లిపులలో ముద్రించిన నాణేలు తేలికవి: టెట్రాడ్రాక్మ్ 9.8 గ్రాములు, డ్రాక్మ్ 2.45 గ్రాముల ప్రాంతంలో ఉంటాయి. కాబట్టి ఒకవైపు గ్రీకు, మరోవైపు వాయవ్య భారతపు ప్రాచీన లిపి ఖరోష్ఠి ఉన్న మెనాండర్ నాణెం 16 గ్రాములు తూగితే, ఇక చూడవలసింది పెద్దగా ఉండదు. పార్థియన్ డ్రాక్మ్ 4 గ్రాములకు దగ్గర. విమ కాడ్ఫిసిస్ మొదలుపెట్టిన కుషాణుల బంగారు దీనారం 8 గ్రాములకు దగ్గర. రోమన్ బంగారు ఆరియస్ ఆగస్టస్ కాలంలో 7.8 గ్రాముల ప్రాంతంలో ఉండి, నీరో క్రీ.శ. 64లో తగ్గించిన తరువాత 7.3 గ్రాములకు వచ్చింది. పశ్చిమ క్షత్రపులలో ఒకడైన నహపానుని వెండి నాణెం 2 గ్రాములు దాటితే ఎంతో దాటదు. అరుగుదల వల్ల కొంత తగ్గుతుంది, కాని ఏ నాణెమూ అరిగి బరువెక్కదు.

బరువు ఒక్కటే చాలదని నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల క్రితం ఒక నాణేల ప్రదర్శనలో మెనాండర్ టెట్రాడ్రాక్మ్ ఒకటి కొన్నాను. అక్కడే తూచి చూస్తే 9.70 గ్రాములు వచ్చింది. ప్రమాణానికి సరిపోయింది కదా అని సంతోషపడి ఇంటికి తెచ్చుకున్నాను. అప్పటికి నాకు తట్టని సంగతి ఏమిటంటే, నకిలీ చేసేవాడికి కూడా ఆ ప్రమాణం తెలుసు, తక్కువ రకం లోహం వాడినప్పుడు నాణేన్ని కొంచెం మందంగా చేసి బరువు సరిపెట్టగలడు. దానిని పట్టించింది నీటి పరీక్ష.

ఆ పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. త్రాసు మీద నీళ్లు పోసిన గాజు గ్లాసు పెట్టి అంకెను సున్నా చేయాలి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకు గాని పక్కలకు గాని తగలకుండా చేత్తో వేలాడదీయాలి. అప్పుడు త్రాసు చూపించే అంకె నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. నాణెం అసలు బరువును ఆ అంకెతో భాగిస్తే లోహపు సాంద్రత వస్తుంది. ఉదాహరణకు 9.72 గ్రాముల నాణేనికి త్రాసు 0.94 చూపిస్తే, సాంద్రత 10.34 అవుతుంది; స్వచ్ఛమైన వెండి 10.5 కనుక కొద్దిగా రాగి కలిసిన మంచి వెండి అని అర్థం. బంగారం 19.3, సీసం 11.3, రాగి 8.96. నా మెనాండర్‌కు త్రాసు 1.12 చూపించింది, 9.70ను 1.12తో భాగిస్తే 8.66. అది జర్మన్ సిల్వర్ అనే నికెలు కలిసిన ఇత్తడి జాతి లోహం, వెండి గీటు కూడా లేదు. నాణెం మీద గాలి బుడగలు అంటుకుని ఉంటే లెక్క తప్పుతుంది కనుక మునిగాక ఒకసారి మెల్లగా కదిపి మళ్లీ చూడాలి. చిన్న నాణేలకు ఈ పరీక్ష అంత నమ్మదగినది కాదు, ఎందుకంటే నూరవ వంతులో చిన్న తేడా కూడా ఫలితాన్ని బాగా మార్చేస్తుంది.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పకపోతే తప్పవుతుంది. నికెలు కనబడగానే నకిలీ అని తీర్పు చెప్పకూడదు. క్రీ.పూ. రెండవ శతాబ్ది మొదటి భాగంలో బాక్ట్రియా రాజులు పాంటలియన్, అగథోక్లిస్, రెండవ యూథిడెమస్ రాగి-నికెలు మిశ్రమంతోనే కొన్ని నాణేలు ముద్రించారు. యూరప్‌లో నికెలు నాణేలు వచ్చింది పంతొమ్మిదో శతాబ్దిలో అని గుర్తు చేసుకుంటే అది ఎంత వింతో తెలుస్తుంది. ఆ మిశ్రమం వాడిన రాజులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందే కనుక, మెనాండర్ పేరున్న నాణేనికి ఈ సాకు పనికిరాదు.

అంచు, ఉపరితలం

భూతద్దంతో మొదట చూడవలసింది రాజు ముఖం కాదు, అంచు. పాత నాణేన్ని రెండు అచ్చుల మధ్య లోహపు బిళ్ళ పెట్టి సమ్మెటతో కొట్టి చేస్తారు. ఆ దెబ్బకు అంచులో సన్నని చీలికలు, లోహం పారిన గీతలు వస్తాయి. పోత పోసిన నకిలీలో రెండు మూసలు కలిసిన చోట అంచు చుట్టూ ఒక గీత ఉంటుంది. ఆ గీతను ఆకురాయితో రుద్దేసినా రుద్దిన ఆనవాళ్లు మిగులుతాయి. పోత నకిలీ ఉపరితలం మీద సూది మొన అంత బుడగల గుంటలు, అక్షరాల అంచులలో సబ్బు అరిగినట్టు మెత్తదనం కనిపిస్తాయి. నేను కొన్న నాణెంలో రాజు చెవి కింద ఒక చిన్న గుంట ఉండేది. కొన్ని నెలల తరువాత అదే అమ్మకందారు పళ్లెంలో మరొక మెనాండర్ కనిపించింది, దానికీ చెవి కిందే, అదే ఆకారంలో గుంట. రెండు అసలు నాణేలకు ఒకే అచ్చు ఉండవచ్చు. మట్టిలో పడ్డ దెబ్బ, అరుగుదల మాత్రం ఒకే చోట ఒకేలా ఉండవు.

అయితే పోత కనబడినంత మాత్రాన నకిలీ కాదు. మన దేశంలో పోత నాణేలు చాలా పాతకాలం నుంచి ఉన్నాయి; పూరీ-కుషాణ బిళ్ళలు కూడా పోత పోసినవే. కాబట్టి ఆ రాజు టంకశాల ఏ పద్ధతిలో పని చేసిందో ముందు తెలిసి ఉండాలి. నకిలీలు నేటివి మాత్రమే అనుకోవడమూ పొరపాటు. జర్మనీకి చెందిన బెకర్ అనేవాడు పంతొమ్మిదో శతాబ్ది మొదట్లో చెక్కిన అచ్చులతో కొట్టిన గ్రీకు నాణేలు పెద్ద పెద్ద సేకర్తలనే మోసగించాయి. అదే శతాబ్ది చివర రావల్పిండి పరిసరాలలో ఇండో-గ్రీకు నాణేలకు నకిలీలు తయారయ్యాయి. తాతగారి పెట్టెలో వందేళ్లుగా ఉంది అన్న మాట అది అసలుదని నిరూపించదు.

అంచు చూసిన చేత్తోనే అచ్చుల దిశ కూడా రాసుకోవాలి. బొమ్మ వైపు రాజు తల నిటారుగా ఉండేలా పట్టుకుని, నాణేన్ని నిలువు ఇరుసు మీద పక్కకు తిప్పితే, బొరుసు వైపు దేవత తల గడియారంలో ఏ అంకె వైపు ఉందో చూడాలి. ఇండో-గ్రీకు, కుషాణ నాణేలలో అది ఎక్కువగా 12 దగ్గరే ఉంటుంది.

లిపి చదవడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది, తెలుగువారికి ఇది కష్టమేమీ కాదు. గ్రీకు పెద్దక్షరాలలో సగం ఇంగ్లీషు చదివినవారికి తెలిసినవే. చిక్కంతా ఒకేలా కనిపించి వేరుగా పలికే కొన్నిటితోనే. ఇంగ్లీషు 'పి'లా ఉన్నది 'ర', 'హెచ్'లా ఉన్నది దీర్ఘపు 'ఎ', 'ఎక్స్'లా ఉన్నది 'ఖ', చంద్రవంకలాంటి 'సి' తరువాతి కాలపు నాణేలలో 'స'. ఈ నాలుగూ గుర్తుంటే చాలావరకు దారి దొరుకుతుంది. అక్షరాలు రాజు తల వెనుక నుంచి మొదలై చుట్టూ తిరుగుతాయి. ముందుగా వెతకవలసిన మాట "బసిలెయోస్". దాని అర్థం "రాజు యొక్క". నాణెం మీద పేరు ఎప్పుడూ షష్ఠీ విభక్తిలోనే ఉంటుంది, అంటే ఇది ఫలానా రాజుది అని నాణెం తన గురించి తాను చెప్పుకుంటుందన్నమాట. మెనాండర్ నాణెం మీద "బసిలెయోస్ సోటెరోస్ మెనాండ్రౌ" అని ఉంటుంది, రక్షకుడైన రాజు మెనాండర్‌ది అని.

బొరుసు వైపు అదే మాట ప్రాకృతంలో, ఖరోష్ఠి లిపిలో, కుడి నుంచి ఎడమకు ఉంటుంది: "మహరజస త్రతరస మెనంద్రస". సంస్కృతంలోని "స్య" ప్రాకృతంలో "స" అయింది, ఖరోష్ఠి దీర్ఘాలు రాయదు కనుక "మహారాజ" అన్న మాట "మహరజ"గా కనిపిస్తుంది. గ్రీకు బిరుదుకు ప్రాకృతపు బిరుదు జతగా నేర్చుకుంటే ఒకవైపు అరిగిపోయినా రెండో వైపు నుంచి చదవవచ్చు. "సోటెరోస్"కు "త్రతరస", "దికయౌ"కు "ధ్రమికస", "నికెఫోరౌ"కు "జయధరస", "అనికెటౌ"కు "అపడిహతస" – ఈ నాలుగు జతలు చాలావరకు సరిపోతాయి. "బసిలెయోస్ బసిలెయోన్", అంటే రాజులకు రాజు అన్న బిరుదు కనబడితే మీ చేతిలో ఉన్నది శక లేదా పార్థియన్ పాలకునిది కావచ్చు.

కొద్దిమంది బ్రాహ్మీ కూడా వాడారు, అవే నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి. ఆఫ్ఘనిస్తాన్‌లోని ఆయి ఖానుమ్‌లో 1970లో అగథోక్లిస్ డ్రాక్మ్‌లు కొన్ని దొరికాయి. వాటి మీద ఒకవైపు చక్రం పట్టిన వాసుదేవుడు, మరోవైపు నాగలి పట్టిన సంకర్షణుడు ఉంటారు, లేఖనం ఒకవైపు గ్రీకు, మరోవైపు బ్రాహ్మీ. మన తెలుగు లిపికి పెద్దతాత బ్రాహ్మీయే. కూడిక గుర్తు 'క' అనీ, నిలువు గీత 'ర' అనీ, చుక్క ఉన్న వృత్తం 'థ' అనీ తెలిసినవారు ఆ నాణెం మీద రాజు పేరులోని 'థ'ను భూతద్దం లేకుండానే పట్టగలరు.

కుషాణుల దగ్గరకు వచ్చేసరికి లిపి గ్రీకే కాని భాష మారిపోతుంది. కనిష్కుడు మొదట కొద్దికాలం గ్రీకు భాష వాడి, ఆ తరువాత బాక్ట్రియన్ భాషకు మారాడు. దాని కోసం నిలువు గీతకు మధ్యలో పొట్ట ఉన్న కొత్త అక్షరం ఒకటి చేర్చారు, దాని ధ్వని 'ష'. "షావొనానొషావొ కనేష్కి కొషానొ" అన్న మాటలో అది మూడుసార్లకు పైగా వస్తుంది కనుక, ఆ అక్షరం కనబడగానే కుషాణ నాణెమని తేలుతుంది. బొరుసు వైపు దేవత పేరు రాసి ఉండడం మరో సౌకర్యం: మావొ అంటే చంద్రుడు, మీరో అంటే సూర్యుడు, ఒఎషో అన్న పేరుతో శివుని పోలిన దేవుడు, నానా అన్న దేవత, చాలా కొద్ది నాణేల మీద బొద్దో అన్న పేరుతో బుద్ధుడు.

నహపానుని నాణెం మీద గ్రీకు, బ్రాహ్మీ, ఖరోష్ఠి మూడూ ఉంటాయి. నాసిక్ దగ్గరి జోగల్‌తెంబిలో 1906లో దొరికిన లంకెబిందెలో అతని వెండి నాణేలు 13 వేలకు పైగా ఉన్నాయి, వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులు మళ్లీ కొట్టించాడు. ఓడిన రాజు ముఖం మీద గెలిచిన రాజు చైత్యపు గుర్తు పడిన ఆ నాణేలలో కింద గ్రీకు అక్షరాలు ఇంకా తొంగిచూస్తూ ఉంటాయి. అటువంటివి చదివేటప్పుడు ఏది కింది ముద్రో ఏది పై ముద్రో ముందు విడదీసి కాగితం మీద గీసుకోవాలి.

తల మీద ఏముంది

అక్షరాలు పూర్తిగా అరిగిపోతే రాజు తలకట్టు దిక్కు. వెనుక రెండు కొసలు వేలాడే సన్నని పట్టీ గ్రీకు రాజులందరికీ ఉమ్మడి గుర్తు. ఏనుగు తల చర్మాన్ని టోపీగా పెట్టుకున్నవాడు డెమెట్రియస్ కావచ్చు. వెడల్పైన చదును టోపీతో చిరునవ్వు నవ్వేవాడు మొదటి ఆంటిమాకస్. ఎద్దు కొమ్ము, చెవి అమర్చిన శిరస్త్రాణం యూక్రటైడిస్‌ది, అతడే 169.2 గ్రాముల బంగారు నాణెం ముద్రించాడు, ఇప్పటిదాకా మిగిలిన ప్రాచీన బంగారు నాణేలలో అదే అతి పెద్దది, ప్యారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉంది. దాని ఇత్తడి నకళ్లు తాళంచెవుల గుత్తులకు కూడా దొరుకుతాయి, మోసపోకండి. పైన కోణాలు తేలిన ఎత్తు కిరీటం, దాని మీద నక్షత్రానికి అటూ ఇటూ గద్దలు ఉంటే ఆర్మీనియా టైగ్రేనిస్. గాలికి ఎగిరే జుట్టుతో, మేస్తున్న దుప్పి బొరుసుగా ఉంటే మిత్రిడేట్స్. గడ్డంతో ఎడమకు తిరిగిన ముఖం, వెనుక విల్లు పట్టి కూర్చున్న వీరుడు ఉంటే పార్థియా.

తేదీ

ఈ నాణేలలో కొన్ని తమ తేదీ తామే చెబుతాయి. గ్రీకులో అక్షరాలే అంకెలు: ఆల్ఫా 1, అయోటా 10, క్సై 60, రో 100, టౌ 300, ఫై 500 అన్నట్టుగా. పార్థియన్ టెట్రాడ్రాక్మ్ మీద టౌ, క్సై, ఎప్సిలాన్ ఉంటే 300, 60, 5 కలిపి 365. ఆ లెక్క క్రీ.పూ. 312లో మొదలైన సెల్యూకస్ శకానిది, కనుక అందులోంచి 312 తీసేస్తే క్రీ.శ. 53, అప్పుడు పార్థియాను ఏలింది మొదటి వొలగేసిస్. పోంటస్, నల్లసముద్రపు ఉత్తరపు ఒడ్డునున్న బాస్పొరస్ రాజుల శకం క్రీ.పూ. 297 నుంచి లెక్క. పశ్చిమ క్షత్రపుల వెండి నాణేల మీద రెండవ శతాబ్ది చివరి నుంచి రాజు తల వెనుక బ్రాహ్మీ అంకెలు ఉంటాయి, అది మన పంచాంగాలలో ఇప్పటికీ వాడే శాలివాహన శకం. 78 కలిపితే సరిపోతుంది. పేరు చెప్పిన రాజు కాలానికి, లెక్కకు వచ్చిన తేదీ పొసగకపోతే మళ్లీ మొదటికి వెళ్లి చదవాలి.

అరుదుదనం గురించి

ఇప్పుడు ఆ ప్రశ్నకు రావచ్చు. పేరున్న రాజు నాణెం అరుదైనదని అనుకోవడం మనవాళ్లకు అలవాటు, కాని చాలాసార్లు సంగతి తిరగబడి ఉంటుంది. మెనాండర్ వెండి డ్రాక్మ్‌లు లెక్కలేనన్ని దొరికాయి. పార్థియన్ డ్రాక్మ్‌లు, నబాతియా నాలుగవ అరెటాస్ రాణి షఖీలత్‌తో కలిసి ఉన్న చిన్న రాగి నాణేలు కూడా ప్రపంచమంతటా అంగళ్లలో దొరుకుతాయి. పాల్మైరా విషయం ఇంకా బాగా తెలుస్తుంది: జెనోబియా కొడుకు వబలాథస్ ఒకవైపు, రోము చక్రవర్తి ఆరేలియన్ మరోవైపు ఉన్న నాణేలు మామూలువే, జెనోబియా ఒంటరిగా ఉన్నవి మాత్రం నిజంగా అరుదు. ఇండో-గ్రీకు రాజులలో చాలామంది పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు, ఆ పేర్లు మనకు దక్కింది నాణేల మీది అక్షరాల వల్లనే. అందువల్ల పేరు తెలియని రాజు నాణేన్ని సులువుగా కొట్టిపారేయకూడదు. దాని రకాన్ని పట్టుకోవడానికి అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వారు ఇంటర్నెట్‌లో పెట్టిన బాక్ట్రియా, ఇండో-గ్రీకు నాణేల పట్టికలు ఉచితంగా చూడవచ్చు. నాణేన్ని కంటితో చూసి అలవాటు పడాలంటే భువనేశ్వర్‌లోని రాష్ట్ర మ్యూజియం, హైదరాబాద్, చెన్నై మ్యూజియంల నాణేల గదులకు మించిన బడి లేదు.

చట్టం

నేలలో దొరికినదానికి, కొన్నదానికి దారులు వేరు. పొలంలోనో, పునాది తవ్వకంలోనో పది రూపాయల విలువకు మించిన పాతిపెట్టిన సొత్తు దొరికితే, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం ఏమి దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ రోజున దొరికింది అన్నది కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. గంజాం వారికి ఆ కార్యాలయం ఛత్రపురంలో, గజపతి వారికి పర్లాకిమిడిలో ఉంది. తెలియజేసినవాడికి నష్టమేమీ లేదు: యజమాని తేలని నిధిలో, వేరే ఒప్పందం లేకపోతే, నాలుగింట మూడు వంతులు దొరికినవాడికి, ఒక వంతు భూమి యజమానికి అని ఆ చట్టమే చెబుతోంది. దాచిపెట్టినవాడు వాటా పోగొట్టుకోవడమే కాక శిక్షకూ గురి అవుతాడు. నా దగ్గరకు తోమి తెచ్చిన రైతు చేత ఆ కాగితం నేనే దగ్గరుండి రాయించాను. ఇక వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకు వస్తుంది. దానిని దేశం దాటించే హక్కు ఏ ప్రైవేటు వ్యక్తికీ లేదు, పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. కొనేటప్పుడు లైసెన్సు నంబరున్న రసీదు అడగడానికి మొహమాటపడకూడదు. ఆ మాట వినగానే సంచి సర్దుకునే అమ్మకందారు మీకు పెద్ద మేలు చేసినట్టే.

దాచడం

మెత్తని ప్లాస్టిక్ కవర్లలో పెట్టకూడదు, వాటిలోని పీవీసీ మన తీరపు ఉక్కపోతకు కరిగి జిగటగా నాణేన్ని పట్టుకుంటుంది. ఆమ్లం లేని కాగితపు పొట్లం, డబ్బాలో సిలికా జెల్ సంచి ఒకటి చాలు. పొట్లం మీద బరువు, అడ్డుకొలత, అచ్చు దిశ, సాంద్రత, చదివిన అక్షరాలు పెన్సిలుతో రాయాలి, చదవలేని చోట ఊహించి నింపక ఖాళీ చుక్కలు పెట్టాలి. అన్నిటికన్నా పైన రాయవలసింది అది వచ్చిన చోటు. "రాగి, 5.12 గ్రాములు, అక్షరాలు లేవు, నిలబడిన మనిషి, పురుషోత్తమపూర్ పరిసరాలు, చెరువు గట్టు, పూడిక తీసేటప్పుడు, ఫలానా తేదీ" అని రాసిన పొట్లం ఒకటి, "మెనాండర్, ప్రదర్శనలో కొన్నది" అని మాత్రమే రాసిన పొట్లం మరొకటి నా డబ్బాలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ రెండోదాని కింద "జర్మన్ సిల్వర్, 8.66" అని కూడా రాసి ఉంచాను.